చప్పుడుకు వేసిన పది మార్కులు

బాక్సింగ్ జడ్జీ కుర్చీ రింగుకు ఎంత దూరంలో వెయ్యాలో రూల్ పుస్తకంలో ఉంది. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి ఏమేమి కనబడవో ఎక్కడా రాసి లేదు. ఇరవై ఆరేళ్లు ఆ కుర్చీల్లో కూర్చుని, వయసు నిబంధన వల్ల పోయినేడు దిగిపోయాను. ఇప్పుడు కొత్తగా జడ్జీ పరీక్ష పాసైన పిల్లలు మా ఇంటికి వచ్చి "మేడం, ఏం చదవాలె?" అని అడుగుతుంటారు. పుస్తకం వాళ్ల దగ్గరే ఉంది. అందులో లేనిదాంట్లో నాకు తెలిసిన కాస్త ఇక్కడ రాస్తున్నాను. నేను ఎన్ని పోటీలకు వెళ్లానో, ఎన్ని బ్యాడ్జీలు వచ్చాయో చెప్పను. ఎక్కువగా ఒకే ఒక్క ఫైనల్ గురించి చెబుతాను. అందులో నేను తప్పు చేశాను.

గంట కొట్టడానికి వెళ్లి

నేను బడికి పోలేదు. మా బాపు పాతబస్తీలో ఒక చిన్న గుడిలో అర్చకులు. అక్షరాలు, లెక్కలు, పద్యాలు అన్నీ ఆయనే నేర్పారు. పొద్దున నైవేద్యం పొయ్యి మీద ఉండగా ఆయన చెప్పేవారు, నేను విని అప్పజెప్పేదాన్ని. పుస్తకం ముట్టకముందే పద్యం నోటికి రావాలి. ఒక్క అక్షరం తేడా పోయినా వంటింట్లోంచే పట్టేసేవారు. అట్లా నా చదువంతా చెవి ద్వారా వచ్చింది. పదో తరగతి, ఇంటర్ ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. చెవి మీద నాకు గర్వం ఉండేది. ఆ గర్వం సంగతి తర్వాత వస్తుంది.

మా వీధి చివర రహీం సాబ్ ఒక పాత గోదాములో పిల్లలకు బాక్సింగ్ నేర్పేవారు. పొద్దున్నే పరుగు తీయించి, మా గుడి అరుగు మీద ఊపిరి తీసుకోనిచ్చేవారు. ఆయన ఆడపిల్లల పోటీలు మొదటిసారి పెట్టినప్పుడు, రౌండ్ మొదలైనప్పుడూ ముగిసినప్పుడూ గంట కొట్టడానికి ఒక ఆడమనిషి కావాల్సివచ్చింది. హారతి వేళ నేను గంట కొట్టడం ఆయన రోజూ వినేవారట. ఒకరోజు బాపు దగ్గరికి వచ్చారు.

"పంతులుగారూ, మీ బిడ్డ గంట ఒక్క తీరుగ కొడ్తది. ఎక్కువ గాదు, తక్కువ గాదు. మా గంట గూడ కొట్టనియ్యండి."

బాపు నవ్వారు. "దెబ్బలాటల కాడ ఆడివిల్ల ఏం జేస్తది సాబ్?"

"దెబ్బలు ఆపుతది. గంట కొట్టినంక ఎవ్వడన్న చెయ్యి లేపుతె నన్నడుగుండ్రి."

బాపు "సరే, పూజ వేళకు మాత్రం ఇంట్ల ఉండాలె" అన్నారు. అంతే. ఆ రోజుల్లో అర్చకుల ఇంటి ఆడపిల్లను అట్లాంటి చోటికి పంపడం చిన్న విషయం కాదు. వీధిలో నలుగురూ నాలుగు మాటలు అన్నారు. అవన్నీ బాపు మోశారు, నా దాకా రానివ్వలేదు. ఈ రోజుకూ దీపం పెట్టేటప్పుడు వాళ్లిద్దరి పేర్లూ తలుచుకుంటాను.

గంట దగ్గర రెండేళ్లు కూర్చున్నాక, రహీం సాబే నాతో జడ్జీ పరీక్ష రాయించారు.

సాబ్ నేర్పినవి

తెలియనివాళ్ల కోసం చెబుతాను. రింగు చుట్టూ ఐదుగురు జడ్జీలు విడివిడిగా కూర్చుంటారు. ఒకరి చీటీ ఒకరికి కనబడదు. ఒక్కో రౌండ్‌లో మెరుగ్గా ఆడినవాళ్లకు పది, రెండోవాళ్లకు తొమ్మిది లేదా అంతకన్నా తక్కువ. ఇద్దరికీ సమానం వేసే వీల్లేదు, ఎవరో ఒకరిని ఎంచుకోవాల్సిందే. దెబ్బ లెక్కలోకి రావాలంటే మూసిన పిడికిలి ముందుభాగం తగలాలి. గ్లౌజు లోపలి వైపుతో, అంటే అరచేతి వైపుతో చరిస్తే అది దెబ్బ కాదు. ఎంత గట్టిగా తగిలినా సున్నా.

సాబ్ నేర్పినవాటిలో సగం ఆటకు సంబంధించినవి కావు. పోటీ రోజున కోచ్ ఇచ్చిన చాయ్ తాగకు. చప్పట్లు కొట్టకు. గెలిచిన పిల్లను చూసి నవ్వకు, ఓడిన పిల్లను చూసి అసలే నవ్వకు. ఆడే పిల్లలను ముట్టుకోకు, పడితే లేపడానికి రిఫరీ ఉన్నాడు. మొదట్లో ఇదంతా ఏదో మడి కట్టుకోవడంలా అనిపించి నవ్వొచ్చేది. తర్వాత నిజంగా అట్లాంటిదేనని తెలిసింది. మడి ఎవరినో తక్కువ చేయడానికి కాదు, మన చెయ్యి మన చెప్పుచేతల్లో ఉండడానికి.

చెడ్డ పెద్దలూ దొరికారు. ఒకాయన, పేరు రాయను, తన జిల్లా పిల్లలు ఆడుతుంటే జడ్జీల వెనక నిలబడి దగ్గేవారు. ఆ పిల్ల చెయ్యి విసిరినప్పుడల్లా ఒక దగ్గు. అర్థం చేసుకోమని. ఒకరోజు రహీం సాబ్ అందరి ముందూ ఆయన చేతిలో దగ్గు గోలీ పెట్టి, "చప్పరించుండ్రి సాబ్, పెద్దగైతె న్యుమోనియా అయితది" అన్నారు. ఆ రోజు నుంచి దగ్గు ఆగింది. కుర్చీలో గట్టిగా కూర్చోవాలంటే మన వెనక ఇట్లాంటి పెద్దమనిషి ఒకరు ఉండాలి. నాకు ఉన్నారు. అది నా గొప్పతనం కాదు, అదృష్టం.

మూడో రౌండ్

కొన్నేళ్ల కిందటి మాట. రాష్ట్ర యూత్ పోటీల ఫైనల్. ఎర్ర మూలలో పూజ, పొడుగు పిల్ల, పొడుగు చేతులు. నీలం మూలలో శ్రావణి. మాదన్నపేట పిల్ల, పొట్టిగా ఉండి లోపలికి దూరి కడుపు మీద కొడుతుంది. గెలిచిన ఒక్కరే జాతీయ పోటీలకు వెళతారు. పూజకు ఇంకో ఏడాది ఉంది. శ్రావణికి ఆ ఏడాదితో యూత్ వయసు అయిపోతుంది. ఆ పైన పెద్దవాళ్లలో, ఏళ్లుగా ఆడుతున్నవాళ్లతో తలపడాలి. చాలామంది పిల్లల ఆట ఆ గడప దగ్గరే ఆగిపోతుంది.

శ్రావణి అమ్మ యాదమ్మ మాదన్నపేట మార్కెట్లో ఆకుకూరలు అమ్ముతుంది. నేను ఆమె దగ్గరే కొంటాను. అందుకని పోటీకి ముందే, ఆ పోటీల్లో జడ్జీలకు చీఫ్‌గా ఉన్న రహీం సాబ్‌కు చెప్పాను.

"సాబ్, ఆ పిల్ల తల్లి నాకు తెలుసు. నన్ను కూర్చోబెట్టకుండ్రి."

"ఏం తెలుసు? రిష్తేదారా, సుట్టమా?"

"తోటకూర కొంట."

"తోటకూర కొంటె రిష్తా గాదు సుభద్రమ్మా. గట్లయితె నేన్ పాతబస్తీల ఎవ్వరి ఆటకు గూడ కూసోవద్దు. పో, కుర్సీల కూసో."

కూర్చున్నాను. కానీ ఆ మాట లోపల మెదులుతూనే ఉంది. మా బస్తీ పిల్లకు వేసిందని ఎవరైనా అంటారేమో. ఆ భయానికి నేను నిష్పక్షపాతం అని పేరు పెట్టుకున్నాను.

మొదటి రౌండ్ స్పష్టంగా పూజది. రెండోది అంతే స్పష్టంగా శ్రావణిది. మూడోది తేల్చాలి.

మూడో రౌండ్ మొదలైన కాసేపటికే శ్రావణి పూజను తాళ్ల దగ్గరికి నెట్టింది. సరిగ్గా నా వైపు తాళ్లకు. నాకు కనబడుతున్నది పూజ వీపు, ఆ వీపు పక్క నుంచి అప్పుడప్పుడూ శ్రావణి నుదురు. శ్రావణి చేతులు ఏం చేస్తున్నాయో నాకు తెలియదు. పూజ చేతులు మాత్రం బయటి నుంచి వంపు తిరిగి శ్రావణి తల మీద పడుతున్నాయి. పడిన ప్రతిసారీ ఫట్, ఫట్ మని చప్పుడు. ఆ హాలు పైకప్పు రేకులది. ఒక్కో చప్పుడూ పైకి పోయి రెండుగా దిగేది. ప్రతి చప్పుడుకూ జనం కేక వేసేవారు.

సగం రౌండ్ వాళ్లు అక్కడే ఉన్నారు. నేను కుర్చీలో కొద్దిగా కూడా కదలలేదు, మెడ చాచలేదు. చెవి చెప్పింది, చెయ్యి రాసింది. ఎరుపుకు పది, నీలానికి తొమ్మిది.

ఐదు చీటీల్లో మూడు ఎరుపుకు, రెండు నీలానికి. రిఫరీ పూజ చెయ్యి ఎత్తాడు. శ్రావణి ఏడవలేదు. రింగు మధ్యలో నిలబడి ఐదు కుర్చీల వైపూ ఒక్కొక్కటిగా చూసింది. నా కుర్చీ దగ్గర ఎక్కువసేపు ఆగిందని అప్పుడు అనుకున్నాను. అది నా మనసు చేసిన పని కావచ్చు.

ఆవాజ్ బంద్

శ్రావణి కోచ్ నర్సింగ్ అరుస్తూ వచ్చాడు. "గిదేం ఫైసలా సాబ్? నా పిల్ల కడుపుల కొడ్తనే ఉన్నది, గా పిల్ల చెంపలు గొడ్తున్నది! మీరు ఆట సూసిండ్రా, పెండ్లి బరాత్ సూసిండ్రా?"

"కాగితం మీద రాసియ్యి నర్సింగ్. లొల్లి చెయ్యకు," అన్నారు సాబ్.

రాసిచ్చాడు. దాంతోపాటు తన ఫోన్ కూడా ఇచ్చాడు. నా కుర్చీకి పక్క వైపు నుంచి అతను ఆటంతా వీడియో తీశాడు. సాబ్ మా ఐదుగురినీ బట్టలు మార్చుకునే గదిలో కూర్చోబెట్టి తలుపు వేశారు. చిన్న గది, ఒక బెంచీ, గోడకు తడి తువాళ్లు. ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి మూడో రౌండ్ పెట్టారు.

ఫట్. ఫట్. జనం కేకలు.

"ఇంకేం గావాలె?" అన్నాడు సుధాకర్. నాలాగే ఎరుపుకు వేసిన జడ్జీ, నాకన్నా చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు. "గా దెబ్బలకు రేకులే అదిరినయి."

నీలానికి వేసిన డేవిడ్ సార్ ఒప్పుకోలేదు. "రేకులకు మార్కులియ్యం గదా సుధాకర్. పిడికిలి తగిల్తెనే దెబ్బ."

"మీ కుర్సీ కెల్లి మీకు పిడికిలి కనవడ్డదా?"

"అరచెయ్యి కనవడ్డది."

"నాకు పిడికిలే కనవడ్డది మరి! మూడు సార్లు సక్కగ తగిలింది."

నేను కూడా గొంతు పెంచాను. "వింటుంటే తెలుస్తలేదా సార్? ఎరుపే." ఆ మాట నా నోటితోనే అన్నాను, నా మాట నాకు వినబడలేదు.

రహీం సాబ్‌కు వినబడింది. ఫోన్ తీసుకుని పక్కనున్న మీటను నొక్కి నొక్కి చప్పుడు పూర్తిగా తీసేశారు. "ఆవాజ్ బంద్. ఇప్పుడు మల్ల సూడుండ్రి."

మళ్లీ చూశాం. గదిలో నల్లా చుక్కలు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. చప్పుడు పోయేసరికి పూజ చేతులు మారిపోయాయి. వంపు తిరిగి వచ్చి, చివర్లో గ్లౌజు తెరుచుకుని, లోపలి వైపు తగులుతోంది. నిజంగా పిడికిలి తగిలినవి రెండో మూడో ఉన్నాయి, సుధాకర్ అబద్ధం చెప్పలేదు. కానీ కింద, నాకు పూజ వీపు అడ్డమైన చోట, శ్రావణి రెండు చేతులూ పొట్టిగా, ఒకదాని వెనక ఒకటిగా కడుపు మీద పడుతున్నాయి. ప్రతి దెబ్బకూ పూజ మోచేతులు దగ్గరికి ముడుచుకుంటున్నాయి. మంచి దెబ్బకు చప్పుడు ఉండదు. ఇది నాకు తెలియనిదా? నేనే కొత్తవాళ్లకు చెప్పేదాన్ని.

సాబ్ ఒక్కొక్కరినీ అడిగారు. సుధాకర్ "నాది మారదు సాబ్, నా కుర్సీ కెల్లి నేన్ సూసిందే రాసిన" అన్నాడు. అది నిజాయితీ గల మాట, ఇప్పటికీ అదే అంటాను. దగ్గరి ఆటలో ఇద్దరు మంచి జడ్జీలు వేరువేరుగా రాయవచ్చు. నా వంతు వచ్చింది.

"నేను చూడలే సాబ్," అన్నాను. "విన్న."

డేవిడ్ సార్ తల దించుకున్నారు, నా కోసం.

మా నిబంధనల్లో, చెయ్యి ఎత్తాక జడ్జీ మనసు మారితే ఫలితం మారదు. అది మంచి నిబంధనే, లేకపోతే ఏ ఆటా ముగియదు. కానీ జాతీయ పోటీలకు ఎవరిని పంపాలో చెప్పేది వేరే ఎంపిక కమిటీ. జడ్జీ తన చీటీ తప్పని రాతపూర్వకంగా ఇస్తే, వాళ్లు ఇద్దరు పిల్లలనూ పిలిచి మళ్లీ ఆడించవచ్చు.

సాబ్ నెమ్మదిగా చెప్పారు. "రాసిస్తె ఏడాది ఫైనల్స్ కుర్సీ పోతది. రాయకపోతె నేన్ అడగ. రేపు పది గంటలకు నా రిపోర్టు పోతది. దాని లోపట ఆలోచన చేస్కో."

బయటికి వచ్చాక సుధాకర్ నా వెంట నడిచాడు. "రాయకు అక్కా. ఇయ్యాల నువ్వు రాస్తె, రేపటి సంది ప్రతి కోచ్ మన గల్ల పట్టుకుంటడు. నువ్వు గూడ రాసియ్యమని. మల్ల పూజ సంగతేంది? మెడల్ మెడల ఏస్కొని ఇంటికి పోయింది గా పిల్ల."

అతనిది స్వార్థపు మాట కాదు.

పొద్దున మార్కెట్లో

మర్నాడు పొద్దున దేవుడి ముందు కూర్చున్నాను. సాధారణంగా ఏదో ఒకటి అడుగుతాను. ఆ రోజు అడగడానికి ఏమీ దొరకలేదు. ఏం చెయ్యాలో నాకు తెలియకపోతే కదా దేవుడిని అడగడం. తెలిసి కూడా అడిగితే, ఆయన మీదికి నెట్టడం అవుతుంది.

కూర అయిపోతే మార్కెట్‌కు వెళ్లాను. వేరే దుకాణం దగ్గర కొనవచ్చు, కానీ కాళ్లు అలవాటైన చోటికే పోయాయి. యాదమ్మ నన్ను చూసి తోటకూర కట్టలు తీసి సంచిలో వేసింది. రోజూ అడగకుండానే ఒక రెబ్బ కరివేపాకు వేసేది. ఆ రోజు వేయలేదు.

"బిడ్డ ఎట్లుంది?" అన్నాను.

"ఎట్లుంటది? పండుకున్నది. దెబ్బలు తినొచ్చింది, కడుపుకు ఏం తినలే." కట్టల మీద నీళ్లు చల్లుతూ ఆగింది. "నాకు మీ ఆట తెల్వదమ్మా. నేనేం అడుగుత? ఐదుగురు పెద్దమనుషులు కూసున్నరు. గంత మందికి కనవడలేదంటె, నా బిడ్డ కొట్టలేదేమో అనుకున్న. బిడ్డతోని గదే అన్న. గందుకు నాతోని మాట్లాడ్తలేదు."

నేను వేసిన ఒక అంకెను నమ్మి ఒక తల్లి తన బిడ్డను నమ్మడం మానేసింది. మార్కులు పతకాలను మాత్రమే పంచుతాయని అన్నేళ్లూ అనుకున్నాను.

"కొట్టింది యాదమ్మా," అన్నాను. "మస్తు కొట్టింది. నాకే కనవడలే."

ఆమె నా ముఖం చూసింది. కోపపడుతుందేమో అనుకున్నాను. "గీ మాట నాకు గాదు, దానికి చెప్పుండ్రి," అంది.

తిన్నగా ఇంటికి వచ్చి రాశాను. నాలుగు వాక్యాలు. పూజ ఓడిందని రాయలేదు, అది నేను చెప్పగలిగినది కాదు. మూడో రౌండ్‌లో సగభాగం నా కుర్చీ నుంచి నీలం మూల బాక్సర్ దెబ్బలు కనబడలేదని, ఎరుపు మూల దెబ్బలను చప్పుడును బట్టి లెక్కించానని, వాటిలో ఎక్కువ భాగం అరచేతి వైపు దెబ్బలని వీడియోలో చూశానని, నా చీటీని నమ్మవద్దని రాశాను. పది లోపే సాబ్ చేతికి ఇచ్చాను. ఆయన చదివి, మడిచి, "షుక్రియా బేటా" అన్నారు. అన్నేళ్లలో ఆయన నన్ను బేటా అనడం అదే మొదటిసారి.

కొత్తవాళ్లకు

మీరు నా దగ్గర నేర్చుకోవాల్సింది ఉంటే ఇంతే. కనబడకపోతే కుర్చీలోనే పక్కకు వంగండి. మెడ చాచండి. జడ్జీ రాయిలా కూర్చోవాలని ఎవరూ అనలేదు, నేను అనుకున్నాను. తెలిసినవాళ్ల బిడ్డ ఆడుతుంటే కఠినంగా ఉండడమే న్యాయం అనుకోకండి, భయం అట్లాగే మాట్లాడుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, మీకు దేని మీద ఎక్కువ నమ్మకమో దాన్ని ఎక్కువగా అనుమానించండి. ఆ ఏడాది తర్వాత నేను చెవుల్లో దూది పెట్టుకుని కూర్చునేదాన్ని. కొందరు నవ్వారు. సుధాకర్ మాత్రం ఒకరోజు వచ్చి "అక్కా, జర దూది ఉన్నదా?" అని అడిగాడు.

మళ్లీ ఆడిన రోజు

కమిటీ ఇద్దరినీ పిలిచింది. కొత్త జడ్జీలు, వేరే హాలు. నాకు కుర్చీ లేదు కనుక జనంలో కూర్చున్నాను. ఆట మొదలు కాకముందు పూజ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చేతులకు పట్టీలు కట్టుకుని ఉంది.

"మేడం, నాకు గోల్డ్ ఇచ్చింది మీరే. మల్ల మీరే కొట్టేసిండ్రు."

"అవునమ్మా. నిన్ను రెండుసార్లు కష్టపెట్టిన. తప్పు నాది, నీది గాదు."

చేతి పట్టీ బిగించుకుంది. "మీ కాగితం మా సార్ సదివిండు," అంది. "గప్పటి సంది రోజు పిడికిలి తిప్పిస్తనే ఉన్నడు. చేతులు పోతున్నయి." నవ్వలేదు, కానీ తిట్టనూ లేదు. వెళ్లిపోయింది.

మూడు రౌండ్లూ కళ్లప్పగించి చూశాను. పూజ చేతులు వంపు తిరగలేదు. నేరుగా వచ్చాయి, చప్పుడు లేకుండా వచ్చాయి. శ్రావణి లోపలికి దూరబోయిన ప్రతిసారీ ఆ పొడుగు చెయ్యి ముందే ఎదురైంది. రెండో రౌండ్‌లో శ్రావణి కాసేపు నిలదొక్కుకుంది. మూడోదాంట్లో అలిసిపోయింది. ఐదు చీటీలూ ఎరుపుకే. నేను కుర్చీలో ఉన్నా అట్లాగే రాసేదాన్ని.

నేను రాసిన కాగితం ఎవరికి పనికొచ్చిందో అర్థమై అక్కడే కూర్చుండిపోయాను. శ్రావణికి ఇంకో అవకాశం ఇప్పించాననుకున్నాను. నిజానికి పూజకు లోపం చూపించాను. జనం లేచి పోతున్నారు. ఈ పిల్లకు నేను చేసింది ఏమిటి, రెండోసారి ఓడించడం తప్ప?

శ్రావణి మెట్లెక్కి నా దగ్గరికే వచ్చింది. పెదవి వాచింది, కనుబొమ మీద దూది అంటించి ఉంది. యాదమ్మ కింద నర్సింగ్‌తో మాట్లాడుతోంది. పిల్ల నా ముందు నిలబడి ఊపిరి తీసుకుంది.

"ఇయ్యాల ఓడిన మేడం," అంది. "మొన్న ఓడలే."

"లేదు బిడ్డా. మొన్న నువ్వు ఓడలేదు."

"అమ్మకు గూడ చెప్పిండ్రట. మార్కెట్ల."

"చెప్పిన."

తల ఊపింది. పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని, పళ్లతో కుడిచేతి పట్టీ ముడి లాగి, విప్పడం మొదలుపెట్టింది. చెమటకు తడిసి బిగుసుకుపోయింది, రావడం లేదు. ఎడమ చెయ్యి నా ఒళ్లో పెట్టింది. ఆ ఏడాది నేను జడ్జీని కాదు, ముట్టుకోవచ్చు. ముడి విప్పి, పట్టీ చుట్ట చుట్టి, ఆమె చేతికి ఇచ్చాను.